పుల్లరి

2025 మార్చి నెలాఖరులో కంచ గచ్చిబౌలి పేరు వినని మనిషి హైదరాబాదులో లేడు. 400 ఎకరాలు, రాత్రిపూట జేసీబీలు, నెమళ్ళ అరుపులు, యూనివర్సిటీ పిల్లల నిరసన, ఏప్రిల్ మొదట్లో సుప్రీంకోర్టు ఆపమనడం. వారం రోజులు నా ఫోను నిండా అదే. చెట్ల గురించి, జింకల గురించి, బండరాళ్ళ గురించి మంచి రాతలు చాలా చదివాను. ఆ పేరులోని మొదటి మాట దగ్గర మాత్రం ఎవరూ ఆగినట్టు లేదు. కంచ అంటే పశువుల మేత కోసం అట్టిపెట్టిన గడ్డినేల. రెండో మాటని విడదీసి చదివితే గచ్చు బౌలి, అంటే సున్నపు గచ్చుతో కట్టిన బావి. గడ్డీ నీళ్ళూ పక్కపక్కన ఉన్న చోటు అన్నమాట. పశువులు ఉన్నవాడికి ఇంతకంటే విలువైన అడ్రసు ఉండదు.

అప్పటి నుంచి గడ్డికి సంబంధించిన మాటలు కనబడితే రాసిపెట్టుకోవడం అలవాటైంది. బీడు, బంజరు, పోరంబోకు, బందెలదొడ్డి, మంద. వీటిలో కొన్ని ఇప్పుడు తిట్లు. పోరంబోకు అంటే రెవెన్యూ లెక్కలో శిస్తు లేని నేల, ఊరందరిదీ అని. ఎవరి సొంతమూ కానిదంటే ఎందుకూ పనికిరానిదని అర్థం ఎప్పుడు మారిందో గానీ, మారింది. ఆ జాబితాలో నన్ను ఎక్కువ రోజులు పట్టుకున్న మాట పుల్లరి. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. ఇంటి మీద వేసేది ఇల్లరి, గడ్డి మీద వేసేది పుల్లరి. పశువు నోరు పెట్టిన చోటికి దాని యజమాని కట్టాల్సిన పన్ను.

ఈ మాట తెలుగు చరిత్రలో రెండుసార్లు రక్తం చూసింది. ఒకటి 13వ శతాబ్దంలో, రెండోది 1922లో. రెండూ పెద్ద దూరంలో కూడా లేవు, నెల్లూరుకీ పల్నాడుకీ మధ్యే. గడ్డి కోసం మనుషులు చచ్చిపోయేంత ఏముంది అన్నది ముందు అర్థం కావాలంటే, కథలోకి వెళ్ళే ముందు ఒక చిన్న మందని మేపడానికి ఎంత గడ్డి, ఎన్ని నీళ్ళు కావాలో లెక్క వేసుకోవాలి. ఈ లెక్క ఎక్కడా విడమర్చి రాసి ఉండదు. రైతులకి తెలుసు కాబట్టి వాళ్ళు రాయలేదు, చరిత్ర రాసేవాళ్ళు అడగలేదు.

*

మా తాతయ్య వాళ్ళది పల్నాడులో మెట్ట ఊరు. సాగర్ కాలువ రాకముందు వాళ్ళింట్లో రెండెడ్లు, ఒక ఆవు, ఒక గేదె. దూడల్ని లెక్కలోంచి తీసేద్దాం. ఆ రోజుల్లో అది పెద్ద మంద కాదు, అలాగని పేదరికమూ కాదు.

ఒక ఎద్దు 450 కిలోలు ఉందనుకోండి. తన బరువులో నూటికి రెండు, రెండున్నర వంతులు ఎండుమేత లెక్కన రోజుకి కావాలి. అంటే సుమారు 10 కిలోలు. నాలుగు పశువులకి 40 కిలోలు. రోజూ. ఆదివారం సెలవు లేదు, పండగ లేదు.

వానాకాలంలో గడ్డికేం కొదవ అనుకుంటాం. అసలు చిక్కు అక్కడే ఉంది. గడ్డి పచ్చగా ఉండే నెలల్లోనే పొలాలన్నీ పైరు మీద ఉంటాయి. జులై నుంచి కోతల దాకా పశువు పొలంలోకి వెళ్ళడానికి లేదు. వెళ్తే తగవు. అందులోనూ లేత జొన్న మరీ ప్రమాదం. వాన ముఖం చాటేసి పైరు వడలిపోయినప్పుడు అందులో విషం ఎక్కుతుంది, మేసిన పశువు గంటల్లో పడిపోతుంది. ఊళ్ళలో దీన్ని చెప్పడానికి ఏ శాస్త్రవేత్తా రానక్కర్లేదు, ఒక్కసారి చూసిన కాపరి జన్మలో మర్చిపోడు. కాబట్టి ఆ నాలుగైదు నెలలు పశువుల్ని పొలాల అవతలికి తోలాలి. గట్ల మీద గరిక, చెరువు అంచున తుంగ, ఊరి బంజరు, దాని తర్వాత అడవి. పల్నాటి ఊళ్ళకి ఆ అడవి నల్లమల.

కోతలు అయ్యాక పొలాల తలుపులు తెరుచుకుంటాయి. ఎవరి చేలోనైనా ఎవరి పశువైనా మోళ్ళు మేయొచ్చు. ఇది చట్టం కాదు, రాసుకున్న ఒప్పందమూ కాదు, వాడుక. మేసినందుకు పశువు పేడ వదిలిపోతుంది, చేనుకి అదే ఎరువు. మందలవాళ్ళని పిలిచి రాత్రిళ్ళు చేలో మంద కట్టించుకుని, దానికి గింజలు కొలిచిన రైతులూ ఉన్నారు. గడ్డికి పశువు యజమాని పన్ను కట్టడం కాదు, పశువు వచ్చినందుకు భూమి యజమాని కూలి ఇవ్వడం. పుల్లరిని తిరగేస్తే ఇదే.

మాఘం దాటితే ఆ మోళ్ళూ అయిపోతాయి. అక్కడి నుంచి తొలకరి దాకా వాము మీదే బతకాలి. నాలుగు నెలలు అనుకుంటే 120 రోజులు, రోజుకి 40 కిలోలు, 4,800 కిలోలు. దాదాపు ఐదు టన్నుల చొప్ప. మెట్ట ఎకరంలో పొడుగు నాటు జొన్న ఒకటి, ఒకటిన్నర టన్నుల చొప్ప ఇస్తే గొప్ప. అంటే నాలుగు పశువుల్ని ఎండాకాలం దాటించడానికి సుమారు నాలుగెకరాల జొన్న కావాలి. మనుషుల తిండి అందులోంచి వచ్చే గింజ, పశువుల తిండి దాని కాడ. 1964లో సీఎస్‌హెచ్-1 అనే మొదటి సంకర జొన్న విడుదలైంది. గింజ బాగా వచ్చేది, మొక్క మాత్రం పొట్టి. రైతులు కొత్త విత్తనాన్ని చూసి వెనకాడితే మూఢత్వం అనేయడం తేలిక. వాళ్ళు వాము ఎత్తు లెక్క వేసుకుంటున్నారని ఆఫీసర్లకి తట్టడానికి టైం పట్టింది. (చొప్పదంటు ప్రశ్నలు అని మనం ఊరికే అంటుంటాం. చెరకు కాదు, నమిలినా రసం రాదు కాబట్టి. పశువు ఈ జాతీయాన్ని ఒప్పుకోదు.)

అందుకే వాము పెట్టడం ఒక పనితనం. అడుగున రాళ్ళో కర్రలో వేసి చెమ్మ తగలకుండా, పైన నీళ్ళు జారిపోయేలా వాలు పెట్టి, గాలికి లేవకుండా తాళ్ళు వేసి. పిల్లనిచ్చేవాళ్ళు ఇల్లు చూడకముందు వాము చూసేవాళ్ళని మా అమ్మమ్మ అనేది. బ్యాంక్ స్టేట్‌మెంట్ లాంటిదే, కాకపోతే దీనికి నిప్పంటుకోవచ్చు.

ఒట్టి చొప్పతో ఎద్దు బతుకుతుంది గానీ అరక లాగదు. వరిగడ్డి అయితే మరీ, అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళు కూడా కష్టమే. దుక్కుల కాలంలో తవుడు, తెలగపిండి, రుబ్బిన పత్తిగింజలు, ఉడకబెట్టిన ఉలవలు పెట్టాలి. ఇవాళ హైదరాబాదు రెస్టారెంట్లలో వెన్న వేసి ఇచ్చే ఉలవచారు, ఎడ్ల కోసం ఉలవలు ఉడికించిన కుండలో మిగిలిన నీళ్ళే. మనిషి ఆ పశువు తిండిలో వాటా అడిగాడు. ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు, కాస్త తవుడు కలిపి కుడితి తొట్టిలోకి. ఏదీ పారేయలేదు, పారేయడానికి ఏదీ మిగల్లేదు.

ఇక నీళ్ళు. మామూలు రోజుల్లో పశువుకి 40 లీటర్లు, ఎండల్లో 50, 60. తినేది ఎండుచొప్ప అయితే దాహం ఇంకా ఎక్కువ. నాలుగింటికి రోజుకి 200 లీటర్లు. పది లీటర్ల బొక్కెనతో ఇరవైసార్లు, మెట్ట బావి లోతుల్లోంచి, చేత్తో తోడాలి. ఎవరు తోడేవాళ్ళు? చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు, ఉన్న ఇళ్ళల్లో పాలేర్లు. అందుకే చెరువు ఎండిపోవడం అంటే దృశ్యం మారడం కాదు, పనిదినం పొడుగవడం. మోట ఉన్న బావైతే ఎడ్లే నీళ్ళు లాగుతాయి. ఆ నీళ్ళే తాగుతాయి, ఆ నీళ్ళతో పండిన జొన్నే తింటాయి. లెక్క ఎప్పుడూ అంచు మీదే నిలబడుతుంది. ఒక వాన తప్పితే ఏదో ఒక పశువుని అమ్మాలి. అందరూ ఒకేసారి అమ్ముతారు కాబట్టి ధర ఉండదు. 1832-33 నాటి గుంటూరు సీమ నందన కరువులోనూ, 1876-78 ధాత కరువులోనూ మనుషులకి ముందే పశువులు రాలిపోయాయి. కరువుల్లో నాగజెముడు ముళ్ళు కాల్చి పశువులకి పెట్టిన సంగతి మద్రాసు రాష్ట్రం నిండా ఉంది.

ఇదంతా భూమి ఉన్నవాడి లెక్క. భూమి లేకుండా ఒక గేదె మాత్రమే ఉన్న ఇంటికి వామే లేదు. జొన్న లేదు కాబట్టి చొప్ప లేదు. వాళ్ళకి వానాకాలం, ఎండాకాలం, అన్ని కాలాలూ గట్లు, బంజరు, అడవి. నాలుగెకరాల రైతుకి అడవి సగం సంవత్సరపు ఆసరా, భూమి లేని మనిషికి అదే మొత్తం. పుల్లరి ఎవరి మీద ఎంత బరువో చూడాలంటే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

*

కాటమరాజు కథ మనలో చాలామందికి చాటువుల దారిలో తెలుసు. ఖడ్గతిక్కన యుద్ధం మధ్యలో ఇంటికి తిరిగొస్తే, పెళ్ళాం మంచం అడ్డం పెట్టి ఆడవాళ్ళ స్నానానికి పెట్టినట్టు పసుపుముద్ద పెట్టిందని బళ్ళో చదువుకున్నాం. ఆ యుద్ధం దేనికోసమో మా మాస్టారు చెప్పినట్టు నాకు గుర్తులేదు. అది గడ్డి కోసం.

కరువొచ్చి మేత లేక, గొల్లల నాయకుడు కాటమరాజు వేల పశువుల్ని తోలుకుని నెల్లూరు రాజ్యంలోకి వచ్చాడు. రాజు నల్లసిద్ధి, చరిత్రలో మనుమసిద్ధి. తిక్కన నిర్వచనోత్తర రామాయణం అంకితమిచ్చిన రాజు ఈయనే. మేపుకోవడానికి ఒప్పందం కుదిరింది. పుల్లరి కింద పుట్టిన కోడెదూడల్ని రాజుకివ్వాలి, మందల్ని కాపాడే బాధ్యత రాజుది. తర్వాత తగువు వచ్చింది. రాజు ఉంచుకున్న మనిషి పెంచుకుంటున్న చిలుక చావడం, దానికి బదులుగా ఆమె మనుషులు పశువుల్ని చంపడం, కాపాడాల్సిన రాజు మాట తప్పాడు కాబట్టి పుల్లరి కట్టనని కాటమరాజు అనడం. పాడేవాళ్ళని బట్టి వివరాలు మారతాయి. చివరికి పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం. ఖడ్గతిక్కన అక్కడే పడిపోయాడు.

ఈ కథని కొమ్ములవారు కొమ్ము ఊది, రాత్రుల తరబడి పాడుతూ వచ్చారు. తంగిరాల వెంకట సుబ్బారావు గారు కాటమరాజు కథల్ని సేకరించి సంపుటాలుగా తెచ్చారు. దీన్ని వీరగాథగా చదవడమే మనకి అలవాటు. నేను మాత్రం ఒక కౌలు పత్రం చదివినట్టు చదివాను, అలా చదివితే చాలా తెలివైన పత్రం.

చూడండి: పన్ను డబ్బుగా కాదు, కోడెదూడలుగా. మందలవాడికి ఆవు కావాలి, పాలూ పెయ్యలూ ఇచ్చేది అదే. కోడెల్లో విత్తనానికి ఒకటో రెండో చాలు, మిగతావి మేత దండగ. రాజుకి కావాల్సింది ఆ కోడెలే, నెల్లూరు వరిపొలాలకి దుక్కిటెద్దులు. ఒకరికి ఎక్కువైనది ఇంకొకరికి తక్కువైంది. పైగా గడ్డి బాగుంటే ఆవులు బాగా ఈనతాయి, రాజుకి ఎక్కువ దూడలు. గడ్డి లేకపోతే ఈతలు తగ్గుతాయి, పన్నూ తగ్గుతుంది. కరువు భారం ఇద్దరూ పంచుకుంటారు. కాటమరాజు పుల్లరి ఎగ్గొట్టినవాడిగా కాక, అవతలి పక్షం ఒప్పందం తప్పింది కాబట్టి చెల్లదన్నవాడిగా కథలో నిలబడ్డాడు. పాడేవాళ్ళు అతని పక్షమే, అది నిజం. అయినా ఆ వాదన వాదనే.

*

ఆరు వందల ఏళ్ళు దాటేసి 1871కి వస్తాను. అడవులన్నీ ప్రభుత్వానివే అని చట్టం చేద్దామని కలకత్తాలో ఆలోచన జరుగుతోంది. మద్రాసు బోర్డ్ ఆఫ్ రెవెన్యూ ఒప్పుకోలేదు. మా రాష్ట్రంలో ఏదో ఒక ఊరి పొలిమేరలో లేని అడవి దాదాపు లేదు, వాటి మీద ఊరివాళ్ళకి అనాదిగా మేత హక్కులున్నాయి, అవన్నీ సర్కారువి అనడం కుదరదు అన్నది వాళ్ళ వాదన. తెల్లదొరల రెవెన్యూ బోర్డు ఇలా రాసిందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. దయ కాదు లెండి. రైతు పశువు బతికితేనే శిస్తు వస్తుందని రెవెన్యూ శాఖకి తెలుసు. 1878లో దేశం మొత్తానికి ఫారెస్ట్ యాక్టు వచ్చినా మద్రాసు బయటే ఉండిపోయింది.

ఎక్కువ కాలం నిలబడలేకపోయింది. అటవీ శాఖ పెద్ద డైట్రిచ్ బ్రాండిస్ మద్రాసు వచ్చి కూర్చున్నాడు, 1882లో మద్రాసు ఫారెస్ట్ యాక్టు వచ్చేసింది. పద్ధతి ఇలా ఉండేది: ఫలానా అడవిని రిజర్వు చేస్తున్నామని నోటిఫికేషన్, హక్కులున్నవాళ్ళు గడువులోగా వచ్చి రుజువు చేసుకోండి అని పిలుపు, ఆ తర్వాత సెటిల్మెంట్ ఆఫీసరు తీర్పు. కోతలయ్యాక చేలో మేపుకునే వాడుకకి కాగితం ఎలా ఉండదో, అడవిలో మేపుకునే వాడుకకీ ఉండదు. తరతరాలుగా అందరూ చేసే పనికి ఎవరు రసీదు దాచుకుంటారు? హక్కు అనేది అక్కడ చచ్చిపోయి, దాని చోట అనుమతి వచ్చింది. అనుమతికి రుసుం. తలకి ఇంత, ఆవుకి ఒకటి, గేదెకి ఒకటి, మేకకి అసలు వద్దు. జనం దానికి కొత్త పేరు వెతుక్కోలేదు, పుల్లరి అన్నారు.

పాత మాటే, కానీ సరుకు వేరు. ఇది నగదు. ముందే కట్టాలి. వాన పడ్డా పడకపోయినా అంతే. గడ్డి మొలిచినా మొలవకపోయినా రసీదు ఒక్కటే. కాటమరాజు ఒప్పందంలో రాజు కూడా ఆకాశం వైపు చూడాలి, ఇక్కడ రేంజరుకి ఆ అవసరం లేదు. నగదు పంట అమ్మాకే చేతికొచ్చే మెట్ట రైతుకి, అడవి అవసరం పడేది పంట చేలో ఉండగానే. అప్పు చేసి పుల్లరి కట్టేవాళ్ళు. భూమి లేనివాళ్ళు అప్పు కూడా పుట్టక దొంగతనంగా మేపేవాళ్ళు.

దొరికితే బందెలదొడ్డి. ఈ మాట మా తరానికి సినిమాల్లో కామెడీ కోసం తెలుసు. 1871 నాటి క్యాటిల్ ట్రెస్‌పాస్ యాక్టు కింద ఊరూరా వెలిసిన పశువుల జైలది. పశువుని విడిపించుకోవాలంటే జరిమానా, దొడ్డిలో ఉన్నన్ని రోజుల మేత ఖర్చు కట్టాలి. రోజు గడిచేకొద్దీ బాకీ పెరుగుతుంది. కట్టలేకపోతే వేలం. పాలిచ్చే గేదె మూడు రోజులు దొడ్డిలో ఉంటే పాలు ఎగ్గొడుతుంది, అది ఏ జరిమానా పట్టీలోనూ లేదు. అడవి హద్దు రాయి ఎక్కడుందో పశువుకి తెలియదు. తెలిసిన గార్డుకి దానితో బేరం ఉంటుంది. లంచాల గురించిన ఫిర్యాదులు ఎంత పెరిగాయంటే, 1913 నాటికి మద్రాసు ప్రభుత్వం తానే ఒక ఫారెస్ట్ కమిటీ వేసి విచారించాల్సి వచ్చింది. ఊళ్ళ పక్క మేత అడవుల్ని పంచాయతీలకి అప్పగిద్దామన్న ఆలోచన ఆ కమిటీదే. కొన్నిచోట్ల జరిగింది కూడా. నల్లమల అంచు ఊళ్ళకి అదేమీ ఊరట కాలేదు.

*

1921లో పల్నాడు ఊళ్ళు పుల్లరి కట్టడం మానేశాయి. పశువుల్ని అడవిలోకి తోలేశారు. ఫారెస్టు, రెవెన్యూ ఉద్యోగులకి చాకలి, మంగలి, తిండి, నీళ్ళు ఇవ్వకూడదని కట్టడి పెట్టుకున్నారు. సాంఘిక బహిష్కారం అనేది ఊళ్ళో కులం వాడుకునే ఆయుధం, ఎక్కువగా కిందివాళ్ళ మీదే వాడింది. ఇక్కడ దాన్ని సర్కారు మీదికి తిప్పారు. సంగతి తెలుసుకోవడానికి కాంగ్రెసు తరఫున వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు అరెస్టయ్యారు. ఉన్నవ జైల్లో కూర్చుని మాలపల్లి రాశారు. ఆ నవలని మనం కులం దగ్గర, గాంధీ దగ్గర, భాష దగ్గర ఆగి చదువుతాం, అవన్నీ ఉన్నాయి కూడా. కానీ ఆ మనిషిని ఆ జైలుకి చేర్చింది పశువుల మేత.

ఒక పోలిక చెప్పాలి. అదే గుంటూరు జిల్లాలో అదే కాలంలో పెదనందిపాడు పన్నుల నిరాకరణ జరిగింది. పర్వతనేని వీరయ్య చౌదరి పేరు, శాంతిసేన, గాంధీ దాకా వెళ్ళిన వార్తలు. అది భూమి శిస్తు కట్టనన్నవాళ్ళ పోరాటం, అంటే పట్టా ఉన్నవాళ్ళది. పల్నాటిది గడ్డికి డబ్బు కట్టనన్నవాళ్ళది, ఇందులో పట్టా లేనివాళ్ళూ ఉన్నారు. కాంగ్రెసు నాయకులకి మొదటిది అర్థమైనంత తేలిగ్గా రెండోది అర్థం కాలేదని నా అభిప్రాయం. అడవిలో పశువుని తోలడం సత్యాగ్రహమా, చట్టం ధిక్కరించడమా, ఊరి తగువా అన్న సందిగ్ధం వాళ్ళకి చివరిదాకా తీరలేదు.

1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరా. 12న బార్డోలీలో ఉద్యమం ఆపేస్తూ తీర్మానం. పెదనందిపాడు పన్నులు కట్టేసింది. పశువులకి ఆ తీర్మానం సంగతి ఎవరు చెప్తారు? ఫిబ్రవరి ఎండలు ముదురుతున్నాయి, వాములు తరుగుతున్నాయి, మేత అడవిలోనే ఉంది. ఆ నెల చివరి రోజుల్లో, దేశంలో ఉద్యమం లేదని అందరూ అనుకున్నాక, మాచర్ల దగ్గర మించాలపాడులో పోలీసులు కాల్పులు జరిపారు. దుర్గి దగ్గర కోలగట్లకి చెందిన కన్నెగంటి హనుమంతు చనిపోయాడు. అతనితో పాటు మరో ఇద్దరు.

హనుమంతు విగ్రహాలు ఇవాళ పల్నాడులో ఉన్నాయి. కథలో బుల్లెట్ల సంఖ్య పెరుగుతూ వచ్చింది, చివరి మాటలు చేరాయి. వీరుడు అయ్యాక మనిషి అలాగే పెరుగుతాడు, కాటమరాజూ అంతే. నాకు వెలితిగా అనిపించేది వేరే. ఆ కథల్లో పశువులు కనిపించవు. స్వాతంత్ర్యం ఉంది, తెల్లదొర ఉన్నాడు, గుండె చూపించిన మగవాడు ఉన్నాడు. వామెంత మిగిలిందో, ఆ ఫిబ్రవరిలో ఊరి చెరువులో నీళ్ళెన్ని ఉన్నాయో, పుల్లరి కట్టలేని ఇళ్ళు ఎవరివో లేదు. అవి లేకపోతే ఒక మనిషి రోజువారీ పన్ను మీద ప్రాణం పెట్టడం ఎవరికీ అర్థం కాదు, పౌరుషం అని సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

ఆ ఏడాది ఆగస్టులోనే మన్యంలో అల్లూరి మొదలుపెట్టాడు. అక్కడా అడవి ఆంక్షలే నేపథ్యం. 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన కొమరం భీం పోరాటంలోనూ పశువుల మేత సుంకం ఒక అంకం. ముగ్గురినీ మూడు వేర్వేరు అల్మారాల్లో పెట్టి చదువుకోవడం మన పాఠ్యపుస్తకాల గొప్పతనం.

*

స్వాతంత్ర్యం వచ్చింది, సాగర్ కట్టారు, మెట్ట మాగాణి అయింది. జొన్న పోయి వరి, పత్తి, మిరప వచ్చాయి. పత్తి కంపని పశువు తినదు, మిరప కట్టెని అసలే తినదు. ట్రాక్టరొచ్చాక ఎద్దు అవసరం లేదు. బంజర్లు కొన్ని పేదలకి పంచారు, అది న్యాయమే, కొన్ని పెద్దలు కలుపుకున్నారు, కొన్నిటి మీద కాలనీలు వచ్చాయి. పుల్లరి గొడవ తీరిపోయింది, గడ్డి అక్కర ఉన్నవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి.

ఒంగోలు గిత్త గర్వం మాత్రం తగ్గలేదు. 1868లో ఇంగ్లండ్ వెళ్తున్న ఓడలోంచి ఒక జత బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో దిగిందని, ఇప్పుడక్కడ నెలోర్ పేరుతో ఆ జాతి కోట్లలో ఉందని, వియాటినా-19 అనే ఆవు ధర 40 లక్షల డాలర్లు దాటిందని వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. మన రక్తం అంటారు. ఆ రక్తం అక్కడ అంత పెరిగింది వాళ్ళ పచ్చిక బయళ్ళ మీద. ఆ బయళ్ళ కోసం వాళ్ళు నరికిన అడవుల లెక్క ఇంకో వ్యాసం. గుండ్లకమ్మ ఒడ్డున ఆ జాతి పుట్టిన చోట, గిత్తని పోషించేది ఇప్పుడు ఎక్కువగా బండలాగుడు పందేల సరదా ఉన్నవాళ్ళే. దాన్ని తప్పు పట్టను. ఆ గిత్త తినే ఖర్చు భరించే స్తోమత ఇవాళ వాళ్ళకే ఉంది.

మందలు మేతకి తిరగడం ఇంకా మిగిలిన చోటు చూడాలంటే నల్లమలకి అవతలి పక్క, అమ్రాబాద్ వెళ్ళాలి. అక్కడి పొడ తూర్పు జాతిని 2020లో జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో గుర్తించింది, తెలంగాణ నుంచి గుర్తింపు పొందిన మొదటి జాతి. పొడ అంటే ఒంటి మీద మచ్చలు. పడమటి నుంచి వచ్చి కొనుక్కెళ్ళేవాళ్ళు కాబట్టి తూర్పు పశువులు అయ్యాయి. సాకేవాళ్ళు ఎక్కువగా లంబాడీలు. కోడెల్ని కురుమూర్తి జాతరలో అమ్ముతారు. కాటమరాజు లెక్కే ఇది: ఆవుల్ని ఉంచుకోవడం, కోడెల్ని వ్యవసాయం ఉన్న చోటికి పంపడం. మేత నల్లమలది. నల్లమల ఇప్పుడు పులుల రిజర్వు.

రెండేళ్ళ కింద అక్కడ ఒక పెద్దాయనతో అరగంట మాట్లాడాను. నేను పులి గురించి అడుగుతాననుకున్నాడు, చాలామంది అదే అడుగుతారట. మేత గురించి అడిగితే కాస్త ఆశ్చర్యపోయి, వివరంగా చెప్పాడు. పులి ఏడాదికి ఒకటో రెండో పట్టుకుపోతుంది, అది ఎప్పుడూ ఉన్నదే బిడ్డా, దానికి నష్టపరిహారం అని ఒక కాగితమైనా ఉంది అన్నాడు. ఎండాకాలం కిందికి దిగినప్పుడు వరిగడ్డి దొరకడమే ఇబ్బంది. ఇంతకుముందు కోతలయ్యాక రైతులే పిలిచి మంద పెట్టించుకునేవాళ్ళు, గడ్డి ఉత్తినే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు మిషను కోస్తుంది, గడ్డి పొలమంతా చెల్లాచెదురు. కొందరు కాల్చేస్తారు. కొందరు ఇంకో మిషను పెట్టి చుట్టలు చుట్టించి అమ్ముతారు. ఒక్కో చుట్ట ఎంతకి కొన్నాడో, ట్రాక్టరుకి ఎన్ని పడతాయో, బాడుగ ఎంతయిందో వేళ్ళ మీద లెక్క చెప్పి, అందులో తడిసి బూజు పట్టినవి ఎన్ని తీసి పారేయాల్సి వచ్చిందో కూడా చెప్పాడు.